ఎనిమిదడుగుల పలక

మలక్‌పేట గల్లీల మా గుర్రబ్బండికి
ఐదడుగుల రేకు పలక ఉండె.
ఎక్కుడంటే గోడెక్కినట్టే.
ఎండకు పెనం, వానకు సబ్బుబిళ్ళ.

పోయిన శ్రావణంల
అత్తాపూర్ ఫంక్షన్ హాల్ ముందట
కస్తూరి వెనకకాలు జారింది.
పలకకూ బండికీ నడుమ
నాలుగు వేళ్ళ సందు. గిట్ట అండ్లనే ఇరికింది.
బ్యాండోళ్ళు ఆపలేదు.
పెళ్ళికొడుకు కారెక్కి పోయిండు.

గిట్ట తీసినం. పలక ఎత్తుతుంటే గొలుసు తెగింది.
పోచమల్లు కాక కాలి బొటనవేలు
అట్లనే పోయింది.

ఉస్మానియా దవఖానల, కట్టు వెయ్యకముందే అన్నడు:
"గుర్రాన్ని తిట్టకు బిడ్డా.
తెగే గొలుసని నాకు మొన్ననే తెలుసు."

ఆ "మొన్న" అన్న మాట
నాకు నిద్రపట్టనియ్యలే.

చాదర్‌ఘాట్‌ల జహంగీర్ మామది వెల్డింగ్ దుకాణం.
టేపు తియ్యలే, ధర చెప్పలే.
"గుర్రానికి ఏం కనబడుతదో చూడాలె" అన్నడు.
అరవై రెండేండ్ల మనిషి
పైజామా మడిచి
చేతులూ మోకాళ్ళ మీద పలకెక్కిండు.
దుకాణం పోరగాళ్ళు నవ్విండ్రు, ఒకడు ఫోన్ తీసిండు.

ధన్. ధన్.
నడుమ ఆగిండు.
తలకాయ లోపల పెట్టి చానసేపు ఉన్నడు.
"మోగుతుంది. కిందేదో బోలు ఉన్నట్టు.
ముంగట బావంత చీకటి.
నేనైతే ఎక్క."
పోరడు ఫోన్ జేబుల పెట్టుకున్నడు.

పలక ఎనిమిదడుగులైంది. వాలు తగ్గింది.
జుమ్మేరాత్ బజార్ల
కంకర మిషన్ పాతబెల్టు దొరికింది,
మందంగా, పెయ్యి తోలు లెక్క.
అది పరిచి, జానెడుకో రబ్బరు పట్టీ,
బోల్టు తలలు లోపలికే.
సందు మీదికి మడతరేకు.
గొలుసు జాగల రెండు స్ప్రింగులు.
స్ప్రింగుల కాడ మాత్రం మూడు రోజులు కొట్లాట:
గట్టివి ఎయ్యమని నేను,
"గట్టివైతే పలక తిరగబడి నీ దవడ పగలగొడ్తది" అని మామ.
కడకు ఒంటిచేత్తో లేపేటట్టు, ఒంటిచేత్తో ఆపేటట్టు కుదిరింది.

ముందుభాగంల కిటికీ కోసిండు, నేనడగకుండనే.
బిల్లుల లేదది.
అడిగితే, "చీకటి చూసింది నేను కదా" అన్నడు.

కాక కుంటుకుంట వచ్చి
నాతోని ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించిండు:
పలక దించేటప్పుడు ఎదురుంగ ఎవ్వలుండొద్దు, పక్కకు నిలబడు.
తోకెనక నీకేం పని లేదు.
ఎక్కినంక ముందు అడ్డకర్ర, ఆనక తలతాడు.
దింపేటప్పుడు ముందు తాడు, ఆనక కర్ర.
"తిరగేస్తే ఏమైతది?"
"తల కట్టేసి ఉండంగ వెనక్కి గుంజుతది. మెడ."
"ఇంకోపారి చెప్పు."

పెళ్ళి లేని మంగళారం
కస్తూరిని తెచ్చినం.
దాని కోసం గడ్డి లోపల పెట్టినం, తొందర బయట పెట్టినం.
మీదికెళ్ళి మెట్రో పోయింది. చెవులు తిప్పింది.
పలక వాసన చూసింది.
ఒక గిట్ట పెట్టి, మోగుతదేమోనని ఆగింది.
మోగలే.
మల్ల తీసేసింది.

నలభై నిమిషాలు.
పాన్ డబ్బా ఆయన ఇంట్లకెళ్ళి కుర్చీ తెచ్చుకొని కూసున్నడు.
కాక తాడు వదులుగ పట్టుకొని
దాని దిక్కు గాక కిటికీ దిక్కు చూస్తుండు.
"నిమ్మళం, నిమ్మళం" అంటుండు,
దానికో, నాకో.

ఎప్పుడెక్కిందో
నాకు సరిగ్గ యాదిలేదు.
చప్పుడు లేకుండె కదా.
కిటికీల దాని ముక్కు కనబడ్డంక తెలిసింది.

ఇప్పుడు ప్రతి ఫంక్షన్ కంటే ముందు
పేడ కడిగి, చెప్పులిడిచి
పలక మీదకెళ్ళి ఒకసారి నడుస్త.
పట్టీ లేచిందా, బోల్టు పొడుస్తుందా.
అరికాలికి తెలుస్తది.

నిన్న కుడిదిక్కు స్ప్రింగు
కిర్రుమన్నది. చిన్నగనే.
పెళ్ళి గంటల ఉండె.
చాదర్‌ఘాట్‌కు పోయినం.
పెళ్ళోళ్ళు తిట్టిండ్రు.
తిట్టనీ.